రెండు క్లచ్‌ల కారు: పద్దెనిమిదేళ్ల అమ్మాయికి డ్రైవింగ్ స్కూల్ ఎంతవరకు నేర్పింది

హైదరాబాద్ తూర్పు వైపు కాలనీలలో ప్రతి రెండు వీధులకూ ఒకటి కనిపించే చిన్న డ్రైవింగ్ స్కూళ్లలో ఒకదానిలో, డిగ్రీ మొదటి సంవత్సరం సెలవుల్లో మా అమ్మాయి కారు నేర్చుకుంది. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలకు గేర్ల కారు నేర్పించడానికి ఇలాంటి చోటికి పంపాలా, ఇంట్లోనే నేర్పుకోవాలా అని ఆలోచిస్తున్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. స్కూల్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ రాయబోయే మంచిచెడ్డలు ఆ ఒక్క షట్టరుకే పరిమితమైనవి కావు. స్టీరింగ్ మీద చేయి కుదరడం, రద్దీ అంటే భయం పోవడం, ఆర్టీఓ ట్రాక్ మీద గట్టెక్కడం, ఈ మూడింటిలో కట్టిన ఫీజుకు న్యాయం జరిగింది. క్లచ్ విషయంలో మాత్రం సగం చదువే చెప్పారు. మిగతా సగం ఇంట్లోవాళ్ల మీదే పడింది.

అసలు ఈ రోజుల్లో గేర్ల కారు ఎందుకని చాలామంది అడిగారు. 2014లో మారుతి సెలేరియోతో ఏఎంటీ గేర్లు, అంటే క్లచ్ తొక్కే పని లేకుండా బండే మార్చుకునే గేర్లు, చిన్న కార్లలోకి వచ్చినప్పటి నుంచి ఆటోమేటిక్ అనేది పెద్దింటివాళ్ల సరుకు కాకుండా పోయింది, నిజమే. మన దగ్గర కారు లైసెన్స్‌లో ఆటోమేటిక్‌కు ఒకటి, గేర్లకు ఒకటి అనే విభజన కూడా లేదు. అయితే మా ఇంట్లో ఉన్నది గేర్ల బండి, బంధువుల ఇళ్లలో ఉన్నవీ ఎక్కువగా అవే. గేర్లు వచ్చినవాళ్లు ఆటోమేటిక్‌ను ఒక పూటలో అలవాటు చేసుకుంటారు, ఆటోమేటిక్ మాత్రమే వచ్చినవాళ్లకు ఆ సౌలభ్యం ఉండదు. పైగా ఈ స్కూల్‌లో ఆటోమేటిక్ కారే లేదు కాబట్టి ఆ చర్చ అక్కడితో ముగిసింది.

వయసు విషయంలో ఈ స్కూల్‌ను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. మేము వెళ్లిన రోజునే మరొకాయన పదహారేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, కాలనీ లోపలే కదా, కాస్త నేర్పండి అని బతిమాలుతుంటే, యజమాని లర్నింగ్ లైసెన్స్ లేకుండా సీట్లో కూర్చోనివ్వనని తేల్చి చెప్పి పంపించారు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఇంత చట్టం ఉన్నా, ఒక విద్యార్థి ఫీజు పోతుందని తెలిసి కాదనేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

స్కూల్ అంటే రెండు గదుల దుకాణం, గోడ నిండా రోడ్డు గుర్తుల చార్టులు, మూలన దుమ్ము పట్టిన ఒక గేర్‌బాక్స్ నమూనా, బయట పైకప్పు మీద బోర్డు పెట్టిన తెల్లని పాత ఆల్టో. డ్రైవర్ వైపు ఉండే మూడు పెడళ్లకు తోడు, పక్క సీటు కింద శిక్షకుడి కోసం మరో క్లచ్, మరో బ్రేకు ఉంటాయి. శిక్షణ బండికి ఇలా రెండు వైపులా కంట్రోల్ ఉండాలని నిబంధన. ఈ ఏర్పాటు గురించి తర్వాత వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ శిక్షణలోని బలమూ లోపమూ రెండూ అక్కడే ఉన్నాయి.

మొదటి పాఠాలు మాత్రం చాలా బాగున్నాయి. ఇళ్లు ఇంకా లేవని ఎంచుకున్న ఒక కొత్త లేఅవుట్ రోడ్డు మీదికి తీసుకెళ్లి, ఆక్సిలరేటర్ జోలికే పోనివ్వకుండా, కేవలం క్లచ్‌తో బండిని కదిలించడం, ఆపడం, మళ్లీ కదిలించడం చేయించారు. "మెల్లగ ఇడువు చెల్లె, రేజ్ ఇయ్యకు, బండే పోతది" అనే శిక్షకుడి మాట వెనక సీట్లో కూర్చున్న నాకు కూడా కంఠతా వచ్చేసింది. చదునైన రోడ్డు మీద ఫస్ట్ గేర్‌లో ఇంజిన్ ఐడ్లింగ్ బలంతోనే చిన్న కారు నడక వేగంతో కదులుతుందన్న సంగతి కొత్తవాళ్లకు నమ్మశక్యంగా ఉండదు. ఆ నమ్మకం కుదిరితే ఎడమ కాలు తొందరపడదు. పెడల్ పైకి వస్తున్నకొద్దీ ఇంజిన్ మోత ఒక చోట బరువెక్కుతుంది, సీటు కింద సన్నని వణుకు తెలుస్తుంది, బానెట్ ముందు భాగం పిసరంత పైకి లేస్తుంది. ఆ చోట కాలు నిలబెట్టి ఒక క్షణం ఆగితే బండి దానంతట అదే కదులుతుంది, ఆగకుండా వదిలేస్తే ఎగిరిపడి ఆఫ్ అయిపోతుంది. కంటితో కాకుండా చెవితో, కాలితో పట్టుకోవలసిన ఈ సంగతిని పుస్తకం చెప్పినట్టు కాక చేయించి చూపించడం ఆయన ప్రత్యేకత.

ఒకరోజు జోరు వాన వల్ల బండి తీయలేకపోతే, చాలా స్కూళ్లలో జరిగేట్టు తరగతి రద్దు చేయకుండా, ఆయన మెకానిక్ దగ్గర నుంచి తెచ్చిన అరిగిపోయిన క్లచ్ ప్లేటును మా అమ్మాయి చేతిలో పెట్టారు. భోజనం పళ్లెం కంటే కాస్త చిన్నది, అంచు చుట్టూ ముదురు రంగు పూత, ఆ పూతలో బిగించిన రివెట్ల తలలు బయటికి కనిపించేంతగా అరిగింది. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కు ఈ ప్లేటును స్ప్రింగుల బలంతో ఒత్తి పట్టి ఉంచుతారని, పెడల్ తొక్కితే ఆ పట్టు విడిపోతుందని, సగం తొక్కి ఉంచినంతసేపూ ఇది రాసుకుంటూ వేడెక్కి అరుగుతుందని ఆ దుమ్ము పట్టిన నమూనాను తుడిచి మరీ చూపించారు. సిగ్నల్ దగ్గర హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టకూడదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినని పిల్ల, ఆ రివెట్లు చూశాక న్యూట్రల్‌లోకి వేయడం మొదలుపెట్టింది.

ఇక లోపం దగ్గరికి వస్తాను. శిక్షణ సగానికి వచ్చేసరికి స్కూల్ కారులో అమ్మాయి రోడ్డు మీద చక్కగా వెళ్తోంది, సిగ్నల్ దగ్గర బండి ఆఫ్ కావడం దాదాపు లేదు. అదే వారం మా సొంత కారు ఇస్తే కదిలించిన ప్రతిసారీ ఆఫ్ అయిపోయింది. కారణం వెనక సీటు నుంచి శిక్షకుడి కాళ్లను గమనించినప్పుడు తెలిసింది. ఆయన చెప్పులు విప్పి, ఎడమ పాదాన్ని తన వైపు క్లచ్ మీద ఊరికే ఆనించి ఉంచుతారు, అమ్మాయి పెడల్‌ను కాస్త తొందరగా వదలబోయే క్షణంలో ఆ పాదం అంగుళం మేర కిందికి దిగి, మళ్లీ మెల్లగా పైకి వస్తుంది. రెండు పెడళ్లూ కలిసే ఉంటాయి కాబట్టి బండి నున్నగా కదులుతుంది, నేర్చుకునేవారు తామే కదిలించామని అనుకుంటారు. రద్దీ రోడ్డు మీద వెనక బస్సు హారన్ కొడుతుంటే ఆయన అలా చేయడాన్ని తప్పు పట్టలేము, అది ఆయన బాధ్యత కూడా. కానీ ఖాళీ రోడ్డు మీద కూడా ఆ పాదం తీయకపోతే పిల్లల ఎడమ కాలికి తన పొరపాటు ఏమిటో ఎప్పటికీ తెలియదు.

దీనికి తోడు స్కూల్ కారు క్లచ్ ప్లేటు బాగా అరిగినది కావడం వల్ల పెడల్ దాదాపు పైదాకా వచ్చాక గానీ పట్టుకోదు. రోజంతా కొత్తవాళ్లు తొక్కే బండికి అది సహజమే. మా కారులో పట్టు పాదం కాస్త ఎత్తగానే మొదలవుతుంది. ఒక బండికి అలవాటుపడిన కాలు ఇంకో బండిలో తడబడటం వింత కాదు గానీ, అలా తడబడుతుందని ముందే చెప్పి ఉంటే అమ్మాయి తనకేమీ రాలేదని ఆ సాయంత్రమంతా ముఖం ముడుచుకుని కూర్చునేది కాదు.

బండి ఆఫ్ కాకుండా చూడటమే పరమావధి అయిన శిక్షణ నుంచి ఇంకో చెడ్డ అలవాటు కూడా వస్తుంది. ఎదురుగా ఏ కుక్కో, స్పీడ్ బ్రేకరో కనిపించగానే ముందు క్లచ్ పూర్తిగా తొక్కడం, ఆ తర్వాతే బ్రేకు వేయడం. నలభై కిలోమీటర్ల వేగంలో ఉన్న బండికి ఆ క్లచ్ అవసరం లేదు. గేర్‌లో ఉంచి ఆక్సిలరేటర్ వదిలితే ఇంజినే బండిని కొంత పట్టి ఉంచుతుంది, బ్రేకు వేసి వేగం బాగా తగ్గాక, ఇంజిన్ గునుస్తున్నప్పుడు క్లచ్ తొక్కితే చాలు. ముందే తొక్కేస్తే బండి ఏ పట్టూ లేకుండా జారుతూ పోతుంది, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కాలనీ రోడ్డు మీద ఇది పెద్ద ప్రమాదంగా కనిపించకపోవచ్చు. శ్రీశైలం డ్యామ్ దగ్గరికి దిగే ఘాట్ మలుపుల్లో ఇదే అలవాటుతో దిగితే ఏమవుతుందో ఆలోచించండి. ఈ మాట శిక్షకుడితో అంటే, "లైసెన్స్ వచ్చినంక అవన్నీ ఆమెనే నేర్చుకుంటది మేడం" అన్నారు. ఈ సమాధానం నాకు నచ్చలేదు.

ఎక్కుడు మీద బండి తీయడం మాత్రం ఓపికగానే నేర్పారు. నగరంలో సాయంత్రం పూట ఫ్లైఓవర్ వాలు మీద బండ్లు నిలిచిపోవడం మామూలే, వెనక స్కూటరు వాళ్లు మూరెడు ఖాళీ కూడా వదలరు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి, క్లచ్‌ను పట్టు దొరికే దాకా తెచ్చి, కాస్త ఆక్సిలరేటర్ ఇచ్చి, బండి ముందుకు గుంజుతోందని తెలిశాకే హ్యాండ్ బ్రేకు వదలాలి. దీనిని నిజమైన ఫ్లైఓవర్ మీద కాకుండా ముందు ఒక కాలేజీ గేటు దగ్గరి చిన్న వాలు మీద చేయించడం తెలివైన పని. ఇక్కడ కూడా ఆయన కాలు బ్రేకు మీదే ఉండేది, అయితే వెనక్కి జారితే తప్ప నొక్కేవారు కాదు. క్లచ్ విషయంలో కూడా ఇదే పద్ధతి పాటించి ఉంటే నేను ఇంత రాయవలసిన పనే ఉండేది కాదు.

అద్దాల సంగతి చెబితే నవ్వొస్తుంది. లోపలి అద్దం శిక్షకుడి వైపు తిప్పి ఉంటుంది, ఎడమ వైపు అద్దం ఎవరో గుద్దుతారన్న భయంతో మడిచి ఉంటుంది. అంటే నేర్చుకునే పిల్లకు వెనక ఏం వస్తోందో చూపించేది కుడి అద్దం ఒక్కటే. అడిగిన తర్వాత ఎడమ అద్దం తెరిచారు, లోపలి అద్దానికి పక్కన ఇంకోటి అతికించుకుంటామన్నారు, మా శిక్షణ అయ్యేదాకా అతికించలేదు.

సమయం గురించి కూడా అడిగి తెలుసుకోండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు శిక్షణ 21 రోజులకు, అసలు నడిపే సమయం 10 గంటలకు తగ్గకూడదు. రోజుకు అరగంట చొప్పున లెక్క కాగితం మీద సరిపోతుంది, కానీ ఆ అరగంటలోనే ముందు విద్యార్థిని ఇంటి దగ్గర దింపడం, తర్వాతి విద్యార్థిని ఎక్కించుకోవడం కూడా ఉంటే స్టీరింగ్ మన చేతిలో ఉండేది తక్కువ. 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిలో కారు కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు, అందులో 8 గంటలు థియరీ. ఆ లెక్కతో పోలిస్తే కాలనీ స్కూల్ ఇచ్చేది పరిచయం మాత్రమే. మేము ఆరు వేలు కట్టాము, లైసెన్స్ ఖర్చులు వేరు. ఈ పరిచయానికి ఆ ధర ఎక్కువ కాదు.

పరీక్ష సంగతి త్వరగా ముగిస్తాను. లర్నింగ్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది, అది వచ్చిన 30 రోజుల తర్వాతే పరీక్షకు వెళ్లవచ్చు. నాగోలు ట్రాక్ కోసం హెచ్ ఆకారం, 8 అంకె, ఎక్కుడు, రివర్సు అన్నీ చేయించారు. అమ్మాయి మొదటిసారే పాసయింది. రివర్సును "వెనక అద్దంలో రెండో కడ్డీ కనబడంగనే స్టీరింగ్ ఫుల్ తిప్పు" అనే గుర్తులతో నేర్పడం వల్ల ట్రాక్ మీద ఇబ్బంది రాలేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లారులో కడ్డీలు లేవు కాబట్టి అక్కడ మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది.

ఇంటి కారులో సాధన చేయించేవాళ్లు రెండు విషయాలు మరవకూడదు. లర్నింగ్ లైసెన్స్‌తో నడిపేటప్పుడు పక్కన లైసెన్స్ ఉన్నవారు, బండిని వెంటనే ఆపగలిగేలా కూర్చోవాలి, ముందూ వెనకా 18 సెంటీమీటర్ల చదరపు తెల్ల పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. ఇవి లేకుండా ఏదైనా తగిలితే బీమా కంపెనీ క్లెయిమ్‌ను తోసిపుచ్చే వీలుంది. పక్క సీట్లో మనకు పెడళ్లు ఉండవు కనుక దిక్కల్లా మధ్యలోని హ్యాండ్ బ్రేకే. మీటకు బదులు బటన్ ఉన్న కొత్త కార్లను ఈ పనికి వాడకపోవడం మంచిదని నా అభిప్రాయం. ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, మాట్లాడకుండా కూర్చుని, బండి ఆఫ్ అయినా ఏమీ అనకుండా మళ్లీ స్టార్ట్ చేయనిస్తే, స్కూల్‌లో కుదరని క్లచ్ అక్కడ కుదిరింది.

మా అబ్బాయికి పద్దెనిమిది నిండినప్పుడు వాడిని కూడా ఇక్కడికే పంపుతాను. అయితే ఈసారి డబ్బు కట్టేముందే రెండు మాటలు ఖాయం చేసుకుంటాను: రెండో వారం నుంచి ఖాళీ రోడ్డు మీద శిక్షకుడు తన క్లచ్ మీద కాలు పెట్టకూడదు, చివరి తరగతులు మా కారులోనే జరగాలి. రెండో దానికి విడిగా ఫీజు అవుతుందని యజమాని ఇప్పటికే చెప్పారు, మొదటి దానికి సరేనన్నారు.