జాగ్రత్త: ‘లైవ్ డ్యాష్‌బోర్డు’ పెట్టించుకున్నాం, మా రైతుల ఖాతాలు బజారున పడ్డాయి

అనంతపురంలో గానీ చుట్టుపక్కల గానీ ఎవరైనా మీ టీమ్ నోషన్ పేజీలో (టీమంతా కలిసి రాసుకునే ఆన్‌లైన్ నోటు పుస్తకం లాంటిది) లైవ్ డ్యాష్‌బోర్డు, అంటే లెక్కలు ఎప్పటికప్పుడు గ్రాఫులుగా కనపడే తెర, పెట్టించుకుందామని చూస్తుంటే, డబ్బు కట్టకముందే ఇది చదవండి. ఇప్పటికే పెట్టించుకుని ఉంటే ముందు ఒక పని చేయండి. ఆ డ్యాష్‌బోర్డు లింకు కాపీ చేసి, మీ ఆఫీసుతో ఏ సంబంధమూ లేని ఫోన్‌లో, ఏ లాగినూ లేకుండా తెరిచి చూడండి. తెరుచుకుందా, మీదీ మా కతే. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

మాది చీనీ కాయల (బత్తాయి) వ్యాపారం. మార్కెట్ యార్డులో మా మామకు మండీ ఉంది, లెక్కలు నేను చూస్తాను. నార్పల, గార్లదిన్నె, పుట్లూరు వైపు తోటల్లో కాపు చెట్టు మీద ఉండగానే బేరం మాట్లాడుకుంటాం. రైతుకు ముందు కొంత అడ్వాన్సు ఇస్తాం, కోతయ్యాక తూకం చూసి మిగతాది చెల్లిస్తాం. 2020 సెప్టెంబరులో ఇక్కణ్ణుంచి ఢిల్లీకి కిసాన్ రైలు వేసినప్పుడు ఏ సరుకు ఎవరిదో నోటు పుస్తకంలో వెతుక్కోలేక మామ పడిన తిప్పలు చూసి, అప్పుడే లెక్కలన్నీ గూగుల్ షీటులోకి ఎక్కించాను. తర్వాత లోడింగు పద్ధతులు, ఏజెంట్ల నంబర్లు, లారీ బాడుగలు అన్నీ నోషన్‌లో రాసి పెట్టుకున్నాం. మొత్తం తొమ్మిది మందిమి. తోటల్లో ఉన్నవాళ్లు, యార్డులో ఉన్నవాళ్లు, ఢిల్లీలో ఉన్న మా మనిషి, అందరూ చూసేది ఆ పేజీనే. అందుకే ఆ రోజు రేటు, కొనుగోలు, లారీల లెక్క కూడా ఆ పేజీలోనే కనపడితే ఎంత బాగుండు అనిపించింది. ఆ కోరికలో తప్పేం లేదని ఇప్పటికీ అంటాను.

ఒక సంస్థ అబ్బాయి వచ్చి డెమో ఇచ్చాడు. సంస్థ పేరు రాయను, ఇన్‌బాక్సులో అడగొద్దు. షీటులో ఒక అంకె మార్చాడు, కళ్ల ముందే గ్రాఫు మారింది. మామ కుర్చీలో ముందుకు జరిగి, “అల్లుడా, ఇది పెట్టించు” అన్నాడు. తర్వాత తెలిసిందేమంటే, ఆ రోజు అతను చూపించింది నోషన్ పేజీయే కాదు. తన ల్యాప్‌టాప్‌లో ఉన్న పవర్ బీఐ డెస్క్‌టాప్, అంటే లెక్కల్ని గ్రాఫులుగా చూపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్. రిఫ్రెష్ బటన్ తనే నొక్కాడు. బొమ్మ మారడం చూశాం గానీ అతని వేలు ఎక్కడుందో చూడలేదు.

పెట్టినందుకు 40 వేలు, నెలకు 3,500 చొప్పున ఏడాదికి ముందే, పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 96,760 రూపాయలు కట్టాం.

మొదటి దెబ్బ మూడో వారంలో తగిలింది. ఆ రోజు పొద్దున యార్డులో రేటు టన్నుకు 23 వేల నుంచి 19 వేలకు పడింది. మా యార్డు పిల్లోడు తొమ్మిదింపావుకే షీటులో ఎక్కించాడు. పదకొండు గంటలకు నార్పల తోటలో ఉన్న మావాడు నోషన్ తెరిస్తే అక్కడ ఇంకా 23 వేలే ఉంది. ఆ రేటుకే 14 టన్నులు మాట్లాడేశాడు. రైతుకు మాటిచ్చాక వెనక్కి పోయే అలవాటు మామకు లేదు. 56 వేలు పోయింది.

లైవ్ అన్నారు కదా, ఇదేంది అని ఫోన్ చేస్తే, “లైవే సార్, షెడ్యూల్ ప్రకారం అప్‌డేట్ అవుతుంది” అన్నారు. ఆ షెడ్యూలేమిటో వాళ్లు చెప్పలేదు, నేనే చదివి తెలుసుకున్నాను. పవర్ బీఐ ప్రో లైసెన్సులో డేటాను దిగుమతి చేసుకునే పద్ధతి పెట్టుకుంటే రోజుకు ఎనిమిది సార్లే షెడ్యూల్ రిఫ్రెష్ (పెట్టిన టైముకు దానంతటదే కొత్త అంకెలు తెచ్చుకోవడం) పెట్టుకోవచ్చు. సంస్థవాళ్లు ఆ ఎనిమిదిని ఇరవై నాలుగు గంటలకు సమానంగా పంచేశారు. అర్ధరాత్రి, మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, ఇట్లా. తెల్లవారుజామున మూడింటికి చీనీ రేటు ఎవరికి కావాలప్పా, యార్డు కుక్కలకా? రేటు తిరిగే తొమ్మిదికీ పన్నెండుకూ మధ్య మాత్రం ఒక్కసారి కూడా లేదు. ఇది చాలదన్నట్టు, వాళ్లు వాడిన లింకు రకానికి ఇంకో ఆలస్యం ఉంది. రిఫ్రెష్ అయ్యాక కూడా కొత్త అంకె చూసేవాళ్లకు చేరడానికి గంట దాకా పట్టొచ్చు.

ఆ లింకు రకం దగ్గరే అసలు కొంప మునిగింది.

గార్లదిన్నె వైపు రైతు ఒకాయన ఒక సాయంత్రం మండీకి వచ్చాడు. మామతో పదిహేనేళ్ల పరిచయం. టీ ఇస్తే తీసుకోలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, “ఏమప్పా, నాకు లక్షన్నర ఇచ్చేదానికి మూడు మార్లు తిప్పినావు. వానికి నాలుగు లక్షలు యాడ్నుంచి వచ్చినాయి?” అన్నాడు. చూస్తే ఆయన ఫోన్‌లో మా డ్యాష్‌బోర్డు. మొదటి పేజీ గ్రాఫు కాదు, కింద బాణం నొక్కితే వచ్చే రెండో పేజీ. రైతు పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఇచ్చిన అడ్వాన్సు, ఇవ్వాల్సిన బాకీ. అందరివీ. ఆ రెండో పేజీ ఒకటుందని మా టీమ్‌లోనే సగం మందికి తెలీదు. నోషన్‌లో మొదటి పేజీ మాత్రమే చూసుకుని వెళ్లిపోయేవాళ్లం.

ఆయన ఫోన్‌లోకి ఎట్లా వచ్చిందంటే, తాడిపత్రి దగ్గర తోటలో ఉన్న మావాడు లారీలు ఎన్ని కావాలో బ్రోకరుకు చూపిద్దామని ఎంబెడ్ (నోషన్ పేజీలో అతికించిన డ్యాష్‌బోర్డు) మీదున్న అసలు లింకు వాట్సాప్‌లో పంపాడు. బ్రోకరు ఇంకొకరికి పంపాడు. మావాణ్ణి తిట్టలేదు. నోషన్‌లోకి రావాలంటే లాగిన్ కావాలి కాబట్టి లోపలున్నవన్నీ ఆ తాళం కిందే ఉన్నాయనుకున్నాడు. నేనూ అట్లే అనుకున్నాను. అది నిజం కాదు. పేజీలో ఎంబెడ్ చేసిన డ్యాష్‌బోర్డు వేరే చోట నడిచేదే, నోషన్ దానికి కిటికీ మాత్రమే. నోషన్ తాళం ఆ పేజీకి పనిచేస్తుంది గానీ, కిటికీ అవతల ఉన్నదానికి పనిచేయదు.

సంస్థ చేసిన పని ఇది: పవర్ బీఐలో ‘పబ్లిష్ టు వెబ్’ అని ఒకటి ఉంది. వార్తా సైట్లలో ఎన్నికల మ్యాపుల్లాంటివి పెట్టుకోవడానికి అది బాగుంటుంది. లింకు ఉన్న ప్రతివాడూ చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు, గ్రాఫుల వెనకున్న వివరాలు కూడా చూసే వీలుంటుంది. మైక్రోసాఫ్ట్ తన సొంత పత్రాల్లోనే ఈ హెచ్చరిక రాసి పెట్టింది, కాబట్టి పరికరాన్ని అనను. రహస్యం ఉంచాల్సిన లెక్కకు అది వాడకూడదని ఆ సంస్థవాళ్లకు తెలియకుండా ఉండదు.

మరి ఎందుకు వాడారు? ఇక్కడే నాకు బుద్ధి లేకపోయింది. లాగిన్‌తో చూసే పద్ధతి పెట్టాలంటే, పెద్ద కెపాసిటీ ప్లాను కొనకపోతే, చూసే ప్రతి మనిషికీ ప్రో లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్‌లో దాని ధర మనిషికి నెలకు 10 డాలర్ల నుంచి 14 అయింది. తొమ్మిది మందికి 126 డాలర్లు, అంటే పది వేల రూపాయలు దాటుతుంది. మా దగ్గర తీసుకుంటున్నది నెలకు 3,500. లైసెన్సు ఖర్చే రాని రేటుకు సర్వీసు ఎట్లా ఇస్తున్నారని నేను కొటేషన్ వచ్చిన రోజే అడగాల్సింది. చీనీ కాయ ఎవడైనా మార్కెట్ రేటులో మూడో వంతుకు ఇస్తానంటే లోపల పుచ్చుందేమోనని పది కాయలు కోసి చూసేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ అనేసరికి చవకగా వచ్చిందని సంబరపడ్డాను.

సంస్థకు ఫోన్ చేస్తే వాళ్లన్నది, “లింకు పెద్దగా ఉంటుంది సార్, ఎవరూ ఊహించలేరు.” ఇంటికి తాళం వేయకుండా, మా సందు ఎవరికీ తెలీదులే అన్నట్టుంది. లింకును ఊహించడం ఎవరికి కావాలి, వాట్సాప్‌లో వస్తుంటే?

ఆ రాత్రే నోషన్ పేజీలోంచి డ్యాష్‌బోర్డు తీసేసి పడుకున్నాను. తెల్లారి అదే లింకు నా ఫోన్‌లో కొడితే నిక్షేపంగా తెరుచుకుంది. కిటికీ తీసేస్తే అవతలి ఇల్లు కూలిపోదు కదా. సరే అని వాళ్ల మెయిల్‌కు ఇచ్చిన గూగుల్ షీటు అనుమతి తీసేశాను. అప్పుడూ తెరుచుకుంది. ఎందుకంటే డేటా కాపీ అప్పటికే వాళ్ల దగ్గర దిగుమతి అయి ఉంది. అనుమతి తీస్తే కొత్త అంకెలు ఆగుతాయి, పాతవి అట్లే ఉంటాయి. దాన్ని నిజంగా మూయాలంటే పవర్ బీఐ సెట్టింగుల్లో ‘మేనేజ్ ఎంబెడ్ కోడ్స్’ లోకి వెళ్లి ఆ కోడు తొలగించాలి, లేదంటే రిపోర్టునే తీసేయాలి. ఆ ఖాతా మా పేరున లేదు, వాళ్ల పేరున ఉంది. శుక్రవారం సాయంత్రం అడిగితే సోమవారం మధ్యాహ్నం తీశారు. ఆ మూడు రోజులూ మా రైతుల ఫోన్ నంబర్లతో సహా అది బయటే ఉంది. ఎంతమంది చూశారో మాకు లెక్క లేదు.

లాయరును కలిస్తే రెండు మాటలు చెప్పాడు. ఒకటి, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపార అవసరానికి కొన్నవాణ్ణి మామూలుగా వినియోగదారుడిగా లెక్కేయరు, సొంత జీవనోపాధి కోసమైతే వేరు. తొమ్మిది మంది పనిచేసే మండీకి ఆ దారి కష్టం, కాబట్టి రాతపూర్వకంగా ఏం ఒప్పుకున్నారో అదే ఆధారం. మా ఒప్పందంలో ‘లైవ్’ అని ఉంది, ఎన్ని నిమిషాలో లేదు. ‘సెక్యూర్’ అని ఉంది, ఎట్లాగో లేదు. రెండోది ఇంకా చేదు. 2023 వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం రైతుల వివరాలు తీసుకున్నది మేము గనుక జవాబుదారీ మాదే, పని బయటివాళ్లకు ఇచ్చినా సరే.

కాబట్టి కొనేవాళ్లు కొటేషన్ మీద రాయించుకోండి: షీటులో అంకె మారిన ఎన్ని నిమిషాలకు మా పేజీలో మారుతుంది, ఏ గంటల్లో, చివరిసారి ఎప్పుడు మారిందో తెరమీద కనపడుతుందా అని. ఖాతా మీ మెయిల్‌తో తెరవమనండి, వాళ్లకు పని చేసేంత వరకే అనుమతి ఇవ్వండి. డెమో వాళ్ల ల్యాప్‌టాప్‌లో వద్దు, మీ ఫోన్‌లో మీ నోషన్ పేజీలో చూపించమనండి, చేతులు బల్లమీద పెట్టుకుని. గూగుల్ షీటును ‘పబ్లిష్ టు వెబ్’ చేసి పెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ ఇదే కత. లుకర్ స్టూడియో (పవర్ బీఐ లాంటిదే, గూగుల్‌ది) అయితే ‘ఓనర్స్ క్రెడెన్షియల్స్’ మీద ఉందేమో అడగండి. ఉంటే, షీటు చూసే హక్కు లేనివాడికి కూడా రిపోర్టు తెరుచుకుంటే చాలు, దాంట్లోని అంకెలు కనపడతాయి.

లాగిన్ పెడితే ఎంబెడ్ సతాయిస్తుందని సంస్థవాళ్లు చెప్పిన మాటలో మాత్రం నిజముంది. ఐఫోన్ సఫారీ 2020 నుంచి వేరే సైటు కుకీలను (లాగిన్ లాంటివి గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లను) ఆపేస్తోంది, అందుకని పేజీలోపలి డ్యాష్‌బోర్డుకు లాగిన్ గుర్తుండకపోవచ్చు. మేము ఆ గొడవే వద్దనుకున్నాం. ఇప్పుడు మా నోషన్ పేజీలో బొమ్మ లేదు, ఉత్త లింకు ఉంది. నొక్కితే లుకర్ స్టూడియో రిపోర్టు వేరే ట్యాబులో తెరుచుకుంటుంది, తొమ్మిది మెయిల్ ఐడీలకు తప్ప ఎవరికీ తెరుచుకోదు. షీటు డేటా మామూలుగా పదిహేను నిమిషాలకోసారి తాజా అవుతుంది, మాకది చాలు. రైతుల అడ్వాన్సులు వేరే షీటులో ఉన్నాయి, దాన్ని దేనికీ కలపలేదు. అది నేను, మామ మాత్రమే చూస్తాం.

డబ్బులో 20 వేలు వెనక్కి ఇస్తామన్నారు, ఇంకా రాలేదు. గార్లదిన్నె ఆయన ఇంటికి మామతో కలిసి వెళ్లి మాట్లాడి వచ్చాం. మర్యాదగానే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఈ సీజను కాపు మాత్రం వేరే మండీకి తోలినాడు.