క్వార్టర్లీ రిజల్ట్స్ చూడాలా, యాన్యువల్ రిపోర్ట్ చదవాలా?

షేర్ కొనేముందు ఏది చూడాలి అని చాలామంది అడుగుతుంటారు, రెండూ ఒకటే అనుకుంటారు గానీ కాదు. క్వార్టర్లీ అంటే కంపెనీ మూడు నెలలకోసారి చెప్పే లెక్కలు, యాన్యువల్ అంటే ఏడాది మొత్తానికి ఇచ్చే రిపోర్ట్.

టైమ్: క్వార్టర్లీ పది నిమిషాల్లో అయిపోద్ది. యాన్యువల్ రిపోర్ట్ రెండొందల పేజీలు కూడా ఉంటది, ఒక ఆదివారం పోయినట్టే.

తాజాదనం: ఇక్కడ క్వార్టర్లీదే పైచేయి. యాన్యువల్ చేతికొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి.

నమ్మకం: క్వార్టర్లీకి మామూలుగా పూర్తి ఆడిట్ (బయటి ఆడిటర్ లెక్కలు తనిఖీ చేయడం) ఉండదు, యాన్యువల్‌కి ఉంటది. అలాగని ఆడిట్ అయింది కదా అని కళ్ళు మూసుకోకండి, 2020లో వైర్‌కార్డ్ అనే జర్మనీ పేమెంట్స్ కంపెనీ లెక్కల్లో చూపించిన 190 కోట్ల యూరోలు అసలు లేవని తేలింది, అంతకుముందు ఏళ్ళకి ఆడిటర్ సంతకం పెట్టినవే అవి.

లోతు: నాకు యాన్యువల్ ఇష్టం దీనికే. అసలు విషయం లెక్కల వెనక ఇచ్చే వివరణల్లో, అంటే నోట్స్‌లో ఉంటది, ప్రమోటర్ల (కంపెనీని చేతిలో పెట్టుకున్న యజమానుల) సొంత కంపెనీలతో లావాదేవీలు, కోర్టు కేసులు, ఇచ్చిన గ్యారంటీలు అన్నీ. లాభం పెరుగుతూ ఆపరేటింగ్ క్యాష్ (వ్యాపారం నుంచి నిజంగా చేతికొచ్చే డబ్బు) మాత్రం ఏళ్ళ తరబడి రాకపోతే, రావాల్సిన బాకీలు ఎంత పేరుకున్నాయో తప్పకుండా చూడండి.

కొత్తగా కొనేవాళ్ళు, అప్పు ఇచ్చేవాళ్ళు యాన్యువల్, వీలైతే వరసగా ఐదేళ్ళవి. ఆల్రెడీ షేర్లున్నవాళ్ళు, కంపెనీ దారి తప్పిందా లేదా చూసుకోడానికి క్వార్టర్లీ చాలు, అదీ పోయినేడు అదే క్వార్టర్‌తో పోల్చి.