బేస్‌మెంట్లో పుట్టే కరెంటుతో కారు నడుస్తుందంటే నమ్మకండి: జర్మనీలో ఇల్లు కొనే మనవాళ్లకు హెచ్చరిక

గ్యాస్ బాయిలర్ తీసేసి ఫ్యూయల్ సెల్ హీటర్ (గ్యాస్ నుంచే వేడినీ కరెంటునూ తయారుచేసే యంత్రం) పెట్టించుకుంటే ఇల్లు వెచ్చగా ఉంటుంది, కరెంటు కూడా వస్తుంది, ఆ కరెంటుతోనే కారు ఛార్జ్ అవుతుంది అని మీకు ఎవరైనా చెప్పారా? మొదటి రెండూ నిజమే. మూడో మాట దగ్గర కాస్త ఆగండి. మేం ఆగలేదు.

2021లో స్టుట్‌గార్ట్ పక్కన ఒక పాత ఇల్లు కొన్నాం. హీటింగ్ మార్చాల్సిన పరిస్థితి. అప్పుడే ఎలక్ట్రిక్ కారు కూడా బుక్ చేశాం. ఇంటికొచ్చిన సేల్స్‌మన్ డైనింగ్ టేబుల్ మీద కాగితం పరిచి లెక్క చెప్పాడు. యంత్రం ఇచ్చేది 750 వాట్లు. రోజంతా నడిస్తే 18 యూనిట్లు. మీ కారు 100 కిలోమీటర్లు పోవడానికి పట్టేదీ సుమారు 18 యూనిట్లే. అంటే రోజుకు 100 కిలోమీటర్లు "కొస్టెన్‌లోస్". ఉచితం అనే మాట ఏ భాషలో విన్నా మనకు చెవులు నిక్కబొడుచుకుంటాయి కదా! పైగా జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కే-ఎఫ్-డబ్ల్యూ నుంచి అప్పట్లో అలాంటి యంత్రానికి 11,200 యూరోల దాకా గ్రాంటు వచ్చేది. సంతకం పెట్టేశాం.

లెక్కలో కూడికలు, గుణకారాలు తప్పేం లేవు. అందుకే ఇంత సులువుగా బుట్టలో పడ్డాం.

కారు వచ్చిన మొదటి వారం. ఇంట్లో కారుకోసం గోడకు పెట్టించిన ఛార్జింగ్ బాక్సులో "మిగులు కరెంటు ఉంటేనే ఛార్జ్ చెయ్" అనే మోడ్ పెట్టి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే బ్యాటరీ రాత్రి ఎంతుందో అంతే ఉంది, 38 శాతం. మర్నాడూ అంతే. కేబుల్ పాడైందనుకున్నాం, యాప్ తప్పనుకున్నాం. హీటింగ్ కంపెనీకి ఫోన్ చేస్తే బాక్సు పెట్టిన ఎలక్ట్రీషియన్‌ని అడగమన్నారు. ఆయనేమో లోపం యంత్రంలోనే ఉందన్నాడు. మూడు వారాలు ఇదే టెన్షన్.

చివరికి తెలిసిందేమిటంటే ఏదీ పాడవలేదు. ఎలక్ట్రిక్ కార్లకు ఇంటి కరెంటుతో చేసే ఛార్జింగ్ 6 ఆంపియర్ల కంటే తక్కువలో మొదలే కాదు. అది ఛార్జింగ్ స్టాండర్డ్‌లోనే ఉన్న నియమం. 230 వోల్టుల దగ్గర సింగిల్ ఫేజ్‌లో అది దాదాపు 1,400 వాట్లు. త్రీ ఫేజ్‌లో అయితే 4,100 వాట్లు దాటుతుంది. మా యంత్రం ఇచ్చేదే 750. అందులోంచి ఫ్రిజ్, రౌటర్, హీటింగ్ పంపులు తినగా మిగిలింది ఎంత ఉన్నా, కారు తలుపు తట్టే స్థాయికి ఎప్పటికీ రాదు. గుంటూరులో మా వీధి కుళాయి గుర్తొచ్చింది. ధార పడుతుంది, బిందె నిండుతుంది, కానీ మేడ మీది ట్యాంకుకు మాత్రం నీళ్లు ఎక్కవు.

సరే, మోడ్ మార్చి మామూలుగా ఛార్జ్ చేస్తే ఏమవుతుంది? బాక్సు 11 కిలోవాట్లు లాగుతుంది. అందులో మన యంత్రం వాటా ముప్పావు కిలోవాటు కూడా ఉండదు, మిగతాదంతా గ్రిడ్ బిల్లే. యంత్రం రోజంతా పోగుచేసే ఆ 18 యూనిట్లను దాచి రాత్రి కారుకు పోయాలంటే మధ్యలో ఇంకో పెద్ద బ్యాటరీ కొనాలి. దాని ఊసు సేల్స్‌మన్ కాగితంలో లేదు. నేను పొద్దున ఎనిమిదికి కారు తీసుకుని వెళ్తే వచ్చేసరికి సాయంత్రం ఆరు. ఆ పది గంటల్లో పుట్టిన కరెంటులో ఇల్లు వాడుకోనిది చవగ్గా గ్రిడ్‌కు పోయింది.

ఎండాకాలం సంగతి ఇంకా ఘోరం. వేడి అవసరమైతేనే ఈ యంత్రం నడుస్తుంది. జూలైలో గదుల్ని వేడిచేసే రేడియేటర్లు ఆపేసి ఉంటాయి, స్నానాల నీళ్లు ఒక్కటే పని. ట్యాంకు వేడెక్కగానే యంత్రం ఆగిపోతుంది, దాంతోపాటే కరెంటూ ఆగిపోతుంది. మమ్మల్ని చూడటానికి వచ్చిన నాన్నగారు బేస్‌మెంట్లోకి దిగి చూసి, "ఇంత డబ్బు పోసి సెలవుల మీద పోయే యంత్రాన్ని కొన్నారా అమ్మా?" అన్నారు. మా ఆయన ఆ రోజు మళ్లీ కిందికి దిగలేదు.

ఇక "ఉచితం" మాట. ఇలాంటి యంత్రం గ్యాస్‌లోని శక్తిలో 37 శాతం దాకా కరెంటుగా మారుస్తుంది. అంటే 18 యూనిట్ల కరెంటుకు దాదాపు 49 యూనిట్ల గ్యాస్ పోయాలి (అక్కడ గ్యాస్‌నూ కరెంటులాగే యూనిట్లలో లెక్కిస్తారు). 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధరలు ఎగిసిపోయి, 2023లో ప్రభుత్వం వాడకంలో 80 శాతానికి యూనిట్ 12 సెంట్ల దగ్గర కళ్లెం వేసింది. ఆ ధరకు చూసినా దాదాపు 6 యూరోలు. చలికాలంలో మిగతా వేడి ఇంటికి పనికొస్తుంది కాబట్టి అది దండగ కాదు, ఒప్పుకుంటాను. కానీ ఉచితం ఎక్కడ? దీనికి తోడు 2021 నుంచి గ్యాస్ మీద కార్బన్ రుసుము: టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 25 యూరోలతో మొదలై 2025కి 55 అయింది. ఛార్జింగ్ బాక్సుకు అప్పట్లో వచ్చిన 900 యూరోల గ్రాంటుకు కూడా పూర్తిగా పునరుత్పాదక కరెంటే వాడాలన్న షరతు ఉండేది. గ్యాస్‌తో పుట్టిన మా కరెంటు ఆ లెక్కలోకి రాదు, కాబట్టి గ్రీన్ కరెంటు కాంట్రాక్టు వేరే తీసుకున్నాం. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఇలా వేడీ కరెంటూ ఇచ్చే యంత్రాల్లో ఇంజిన్‌తో నడిచే పెద్ద రకాలూ ఉన్నాయి, 5 కిలోవాట్లకు పైగా ఇస్తాయి. వాటితో కారు ఛార్జింగ్ మొదలవుతుంది. కానీ అవి పన్నెండు కిలోవాట్లకు పైగా వేడి కూడా ఇస్తాయి. నాలుగైదు కుటుంబాలుండే అపార్ట్‌మెంటుకో చిన్న హోటల్‌కో సరిపోతాయి గానీ, నలుగురుండే ఇంట్లో ఆ వేడిని ఎక్కడ పెట్టుకోవాలి?

కాబట్టి ఎవరైనా ఇలాంటి కొటేషన్ ఇస్తే ఏడాది మొత్తం లెక్క చూడకండి. జనవరికి వేరుగా, జూలైకి వేరుగా ఎన్ని యూనిట్లు వస్తాయో, అందులో కారు ఇంటి దగ్గర ఉన్న గంటల్లో ఎన్నో రాసిమ్మని అడగండి. సర్వీస్ కాంట్రాక్టు ఏడాదికి ఎంతో, యంత్రానికీ బాక్సుకీ మధ్య గొడవ వస్తే బాధ్యత ఎవరిదో కూడా అందులోనే రాయించుకోండి. పాత ఇల్లు కొనేటప్పుడు బేస్‌మెంట్లో ఈ యంత్రం ఇప్పటికే ఉంటే, అమ్మేవాళ్ల దగ్గర కిందటి రెండేళ్ల మీటర్ రీడింగులు నెలవారీగా తీసుకోండి. ఆ పాత గ్రాంటు ఇప్పుడు లేదు, అది చూపించి తొందరపెట్టేవాళ్లుంటే అక్కడే లేచి వచ్చేయండి.

మా యంత్రం ఇంకా నడుస్తూనే ఉంది. చలికాలంలో ఇల్లు హాయిగానే ఉంటుంది. కారును మాత్రం ఎక్కువగా ఆఫీసు పార్కింగ్‌లోనే ఛార్జ్ చేసుకుంటున్నాను.