బేసిన్ గట్టు ఖాళీ చేసి మూడేళ్ళు: ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

నిజాంపేటలో మేముండేది అద్దె ఫ్లాటు. బాత్రూంలో బేసిన్ చుట్టూ నాలుగడుగుల నల్ల గ్రానైట్ గట్టు ఉంది. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు నాకు బాగా నచ్చింది ఆ గట్టే. చేరిన రెండేళ్ళకి దాని మీద చెయ్యి ఆనించే చోటు కూడా మిగల్లేదు. 2022 జూన్‌లో ఒక ఆదివారం అన్నీ తీసి, హాల్లో పాత పేపర్లు పరిచి పెడితే 41 వస్తువులు లెక్కకొచ్చాయి. సగం సగం వాడిన ఫేస్‌వాష్‌లు మూడు, హోటళ్ళ నుంచి తెచ్చుకున్న చిన్న సబ్బులు, మావారి షేవింగ్ సామాను, పాప క్లిప్పులు, అత్తయ్య గారి సున్నిపిండి డబ్బా, కొబ్బరి నూనె సీసా, బొట్టుబిళ్ళల అట్టలు, థైరాయిడ్ మాత్రల సీసా, ఇలా ఎన్నో.

వాటిని తీశాక గట్టు చూస్తే బాధేసింది. ప్రతి సీసా అడుగున తెల్లటి వలయం. మాకు వచ్చేది బోరు నీళ్ళు, వేసవిలో ట్యాంకరు. తాగే నీళ్ళలో హార్డ్‌నెస్ (కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క) లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతాయి. మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే 600 దాటాయి. అలాంటి నీళ్ళు సీసా కింద చేరి, గాలాడక మెల్లగా ఆరితే ఉప్పు రాయిలా గట్టిపడుతుంది. ఈ మూడేళ్ళలో నేను కొన్నవాటిలో ఏది మంచిదో ఏది కాదో తేల్చింది ఆ నీళ్ళే. అందుకే ఇక్కడ రాసేది బోరు నీళ్ళు వాడే ఇళ్ళకు ఎక్కువ పనికొస్తుంది.

కొనడం కంటే ముందు తీసేయడం గురించి చెప్పాలి. క్రీముల డబ్బాల మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6ఎం, 12ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలలే వాడాలని దానర్థం. తారీఖు దాటినవి, ఎప్పుడు తెరిచామో గుర్తులేనివి కలిపి 14 పోయాయి. అప్పట్నుంచి ఏది తెరిచినా అడుగున మార్కరుతో నెల రాస్తున్నాను. అత్తయ్య గారి థైరాయిడ్ మాత్రలు ఆ రోజే పడగ్గది అలమరాలోకి వెళ్ళాయి. ఆ మాత్రలకి తేమ, వేడి, వెలుతురు మూడూ పడవు. గీజరు ఆవిరి రోజూ తగిలే చోట అన్నాళ్ళు ఎలా ఉంచామా అని ఇప్పటికీ అనుకుంటాను. ఎవరింట్లోనైనా బాత్రూంలో మందులుంటే ఈ సమీక్ష ఇక్కడే ఆపి వెళ్ళి తీసేయండి.

సున్నిపిండి దగ్గర మాత్రం అత్తయ్య గారు ఒప్పుకోలేదు. "రోజూ వాడేది చేతికందకపోతే ఎలా అమ్మాయ్?" అన్నారు. ఆవిడ మాటే మా ఇంటి లెక్క అయింది: రోజూ వాడేదే బాత్రూంలో, వారానికోసారి వాడేది అలమరాలో. పెద్ద డబ్బా లోపలికి వెళ్ళింది. వారానికి సరిపడా పిండి చిన్న స్టీలు డబ్బాలో, ఒక చెంచాతో సహా బయట ఉంటోంది. తడి చెయ్యి పెట్టడం మానేశాక పిండి ఉండ కట్టడం లేదు.

ఇక కొన్నవి. ముందు వెదురు ట్రే తెచ్చాను, 380 రూపాయలు. చూడటానికి ఎంత బాగుందో. వానలు మొదలయ్యాక ఆగస్టుకల్లా అంచుల్లో నల్ల బూజు పట్టింది. ఎండలో పెట్టి తోమినా మళ్ళీ వచ్చింది. కిటికీ లేని బాత్రూంకి వెదురు వద్దు, అంతే.

గుండ్రంగా తిరిగే ప్లాస్టిక్ ట్రే కూడా తీసుకున్నాను. ఆరు నెలలు హాయిగా తిరిగింది. తర్వాత కింది చక్రాల్లో నీళ్ళు చేరి, ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే కదిలింది, రెండు నెలలకి మళ్ళీ అదే కథ. ఇప్పుడది పడగ్గదిలో అద్దం ముందు ఉంది. పొడి చోట ఇప్పటికీ బ్రహ్మాండంగా తిరుగుతోంది. వస్తువులో లోపం లేదు, నేను పెట్టిన చోటే దానికి సరిపడలేదు.

గోడ అరల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోయిందీ, చివరికి ఎక్కువ మేలు జరిగిందీ అక్కడే. మొదటిది వెనక జిగురు స్టిక్కర్లతో అంటించే అర, 450 రూపాయలు. నాలుగో నెలలో, లీటరు షాంపూ సీసా పెట్టి ఉండగా, తెల్లవారుజామున ఊడి పడింది. దానికంటే ముందే అతుకుల దగ్గర తుప్పు కనిపించింది. అప్పుడు తెలుసుకున్నాను, స్టెయిన్‌లెస్ స్టీల్ అంతా ఒకటి కాదని. 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి. చవక అరలకు ఎక్కువగా వాడే 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. తడి చోట 202 తొందరగా తుప్పు పడుతుంది. దుకాణంలో అయస్కాంతం పెట్టి అంటుకోలేదు చూడండి అంటారు, కానీ ఈ రెండూ అయస్కాంతానికి దాదాపుగా అంటుకోవు, కాబట్టి ఆ పరీక్షతో ఏది ఏ రకమో తేలదు. 304 అని బిల్లు మీద రాయించుకోవడమే మంచిది.

రెండోసారి 304 రకం రెండంతస్తుల అర 1,150 రూపాయలకి తీసుకుని, ఓనరు గారిని అడిగి గోడకి బిగించాం. టైలు మీద మాస్కింగ్ టేపు అంటించి, డ్రిల్లు హ్యామర్ మోడ్ (సుత్తిలా కొడుతూ తొలిచేది) ఆపి, టైలు దాటేదాకా నెమ్మదిగా తొలిచి ప్లగ్గు పెట్టారు. టైలు పగల్లేదు. కుళాయికీ గీజరుకీ నేరుగా పైనా కిందా మాత్రం రంధ్రం వేయించకండి, లోపల పైపులు ఉండొచ్చు. ఆ అర బిగించి రెండున్నరేళ్ళయింది, ఇంతవరకూ కదల్లేదు. ఒక్కసారి, టాయిలెట్ కడిగే యాసిడ్ వాడిన వారం, గోధుమ చుక్కలు వచ్చాయి. వంట సోడా ముద్దతో రుద్దితే పోయాయి. ఆ యాసిడ్ ఆవిరికి 304 కూడా తట్టుకోదు, అందుకే మేం యాసిడే మానేశాం.

చిన్న బరువులకి అంటించే కొక్కేలు బాగానే పనిచేశాయి. ఎనిమిదిలో రెండే ఊడాయి, ఆ రెండూ టైల్సు అతుకు మీద అంటించినవే. నున్నటి టైలు మీద స్పిరిటుతో తుడిచి, అంటించాక ఒక రోజు ఏమీ తగిలించకుండా వదిలేస్తే నిలుస్తాయి. బ్రష్షుల స్టాండు కూడా గోడకే, అడుగు లేనిది. ఒకే గ్లాసులో అందరి బ్రష్షులూ ఒకదానికొకటి తగులుతూ, అడుగున జిడ్డు నీళ్ళతో ఉండే రోజులు పోయాయి. ఈ మొత్తంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఆ 220 రూపాయల స్టాండే.

గట్టు మీద ఇప్పుడు మిగిలింది ఒక్కటి, డయాటమైట్ రాతి పలక. దాని మీద సబ్బు పెట్టె, చేతులు కడిగే సీసా. నీళ్ళు పడగానే పీల్చేసి ఆరబెడుతుంది. మా నీళ్ళకి ఎనిమిది నెలల్లో ఉప్పు పట్టి పీల్చడం తగ్గింది. సన్న సాండ్ పేపరుతో పైపొర గీస్తే మళ్ళీ కొత్తదానిలా పనిచేసింది. ఇప్పటికి మూడుసార్లు గీశాను. ఆ పొడి ముక్కులోకి పోకూడదు, తడిపి, బాల్కనీలో, మాస్కు పెట్టుకుని చేయండి.

కుళాయి మీది తెల్ల మరకలకి నిమ్మచెక్కే వాడుతున్నాను. అయితే మార్బుల్ గట్టు ఉన్నవాళ్ళు నిమ్మరసం, వెనిగర్ దగ్గరికి రానివ్వకండి. ఆ మరకలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, పాలరాయి కూడా అదే. మరకని కరిగించేది రాయినీ తింటుంది.

ఇంతా చేసినా సర్దుకోనివి రెండున్నాయి. ట్రిమ్మరు ఛార్జింగు వైరు ఎటు పెట్టినా కంటికి అడ్డమే. అద్దం మీద బొట్టుబిళ్ళలు అంటించడం అత్తయ్య గారూ మానలేదు, పాపా మానలేదు. కుడివైపు కింది మూల వాళ్ళకి వదిలేశాను. నాయనమ్మ మెరూన్ బిళ్ళల పక్కన మనవరాలి రంగు చుక్కలు చూస్తే తుడవబుద్ధి కాదు.

శుభ్రం చేయడానికి ఇదివరకు ఆదివారం అరగంట పట్టేది. ఇప్పుడు రోజూ పడుకునే ముందు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, రెండు నిమిషాలు కూడా కాదు.

రెండో బాత్రూంకి కూడా అదే అర తెప్పించాను. మొదటిది నా ఎత్తుకి బిగించేశాను. భుజం నొప్పితో అత్తయ్య గారు పై అంతస్తు అందుకోలేకపోతున్నారని ఆర్నెల్లకి గానీ గమనించలేదు. ఈసారి ఆవిడని గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి సులువుగా ఎక్కడిదాకా వెళ్తుందో చూసి పెన్సిల్‌తో గీత గీశాను. డ్రిల్లింగ్ అబ్బాయి శనివారం వస్తానన్నాడు.