మసాయి మారా, సెరెంగెటీ, క్రూగర్: మొదటి సఫారీకి ఏది మేలు?

పోయిన సెప్టెంబరులో అమ్మా, నా భార్యా, నేనూ కెన్యా వెళ్లొచ్చాం. ఫొటోలు వాట్సాప్‌లో పెట్టిన దగ్గర్నుంచీ ఆఫీసులోనూ, చుట్టాల్లోనూ అడుగుతున్నది ఒకటే. మొదటిసారి వెళ్లేవాళ్లకి కెన్యాలోని మసాయి మారా మంచిదా, పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటీ మంచిదా? దక్షిణాఫ్రికాలోని క్రూగర్ అయితే చవకలో అయిపోతుందంటున్నారు, నిజమేనా? ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదంతా ఒకచోట రాస్తే నయమనిపించింది.

సింహాలు, ఏనుగులు, జిరాఫీలు మూడు చోట్లా ఉన్నాయి. ఏ జంతువు ఎక్కడ దొరుకుతుందన్న లెక్కతో మొదలుపెడితే నిర్ణయం ఎప్పటికీ తేలదు. నేను చూసుకున్న లెక్క వేరు: మనకున్న సెలవులో జంతువు ముందు ఎన్ని గంటలు కూర్చోగలం? మనలో చాలామందికి దొరికేది ఒక వారం సెలవు, దానికి అటూ ఇటూ శని ఆదివారాలు. మొత్తం తొమ్మిది రోజులు. రానూపోనూ విమానాలకు, వాటి మధ్య ఎదురుచూపులకు మూడు రోజులు పోతాయి. మిగిలిన ఆరు రోజులు రోడ్డు మీద గడుస్తాయా, అడవిలో గడుస్తాయా అన్నదే నాకు ముఖ్యం.

ముందు సెరెంగెటీ సంగతి. పేరులో ఉన్న గొప్పతనం నిజంగానే ఉంది. 14,763 చదరపు కిలోమీటర్లు. మారా రిజర్వు 1,510, అంటే దాదాపు పదో వంతు. నిజానికి రెండూ ఒకే మైదానం, మధ్యలో దేశాల సరిహద్దు ఉందంతే. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు (ఆవులా కనిపించే పెద్ద జింక జాతి), వాటి వెంట లక్షల జీబ్రాలు ఏడాదంతా గడ్డి కోసం ఈ మైదానం చుట్టూ తిరుగుతాయి. జనవరి చివరి నుంచి మార్చి దాకా దక్షిణాన న్‌దుటు వైపు ఈనుతాయి, వానలు ఆగాక ఉత్తరానికి జరుగుతాయి, జూలై నుంచి అక్టోబరు దాకా మారా నది దగ్గర ఉంటాయి. నది దాటడం కెన్యాలోనే కనిపిస్తుందనుకుంటారు చాలామంది. సెరెంగెటీ ఉత్తర కొసన కొగాటెండే దగ్గర కూడా అదే నది, అవే మందలు. పైగా అక్కడ బళ్ల రద్దీ తక్కువ.

చిక్కంతా దూరాల దగ్గరే. టాంజానియా ప్యాకేజీలు ఎక్కువగా అరూషా అనే ఊరి నుంచి బయల్దేరి తరంగీరే, మన్యారా, న్‌గోరొంగోరో, సెరెంగెటీ అంటూ నాలుగు అడవులూ చుట్టి వస్తాయి. అరూషా నుంచి సెరెంగెటీ నడిబొడ్డున ఉన్న సెరొనెరాకి ఏడెనిమిది గంటలు, అందులో సగం మట్టిరోడ్డు. రోజుకో బస, రోజూ పొద్దున్నే పెట్టె సర్దుడు. పదిహేను రోజులు చేతిలో ఉన్నవాళ్లకి ఇది అద్భుతమైన ప్రయాణం. వారం రోజులవాళ్లకి మాత్రం సెరెంగెటీలో మిగిలేది రెండు రాత్రులే. న్‌గోరొంగోరోని మాత్రం తీసిపారేయలేను. ఆరు వందల మీటర్ల లోతున్న అగ్నిపర్వత బిలం, అడుగున 260 చదరపు కిలోమీటర్ల పచ్చిక. నల్ల ఖడ్గమృగాన్ని చూడాలన్నదే మీ పట్టుదల అయితే నా మాట పక్కన పెట్టి అక్కడికే వెళ్లండి. అంచు మీద బస చేస్తే చలి గట్టిగా ఉంటుంది, స్వెటర్ ఒక్కటే సరిపోదు.

మారా చిన్నది. నాకు నచ్చిందీ అదే. నైరోబిలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో ముప్పావు గంట, రోడ్డు మీదైతే నరోక్ మీదుగా ఐదారు గంటలు. ఒకసారి చేరామంటే నాలుగు రాత్రులూ ఒకే క్యాంపులో ఉండొచ్చు. పొద్దున ఆరింటికి బండి కదిలితే పదిహేను నిమిషాల్లో ఏదో ఒక జంతువు ఎదురవుతుంది. పొట్టి గడ్డి, విశాలమైన మైదానం, పిల్లిజాతి జంతువులు దట్టంగా ఉండే చోటు.

రెండో రోజు పొద్దున జరిగింది చెబితే నేను గంటల లెక్క ఎందుకు పట్టుకున్నానో తెలుస్తుంది. ఏడున్నర ప్రాంతంలో ఒక పొద పక్కన ఆడ సింహం ఒక్కతే పడుకుని ఉంది. ఎనిమిది మందితో ఒక వ్యాను వచ్చింది, ఐదు నిమిషాలు ఫొటోలు తీసుకున్నారు, లోపల ఎవరో చిరుత కావాలన్నారు, వెళ్లిపోయారు. మా డ్రైవరు ఇంజిన్ ఆపేశాడు. దాని పొట్ట వైపు వేలు చూపించి, పాలిస్తున్న తల్లి, పిల్లలు దగ్గర్లోనే ఉంటాయన్నాడు. "పోలే పోలే" అని నవ్వాడు. స్వాహిలీలో మెల్లగా, నిదానంగా అని. గంటా నలభై నిమిషాలు అలాగే కూర్చున్నాం. అమ్మ ఇంటి నుంచి తెచ్చిన సున్నుండల డబ్బా తీసి డ్రైవరుకి కూడా ఒకటి పెట్టింది. ఎండ ఎక్కుతోంది, ఈగలు ముసురుతున్నాయి, సింహం చెవులు తప్ప ఏదీ కదలడం లేదు. ఉన్నట్టుండి అది లేచి కూర్చుని గొంతులోనే సన్నగా మూలిగింది. పొదలోంచి ముందు రెండు చెవులు, తర్వాత ఒక ముఖం, వెనకే ఇంకో రెండు. మూడు కూనలు. కాళ్ల మీద, పొట్ట మీద ఇంకా పోని మచ్చలు. తల్లి పక్కకు ఒరిగింది, మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పాలకు ఎగబడ్డాయి. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "కదలకురా" అంది. ఆ వ్యానులో మేముండి ఉంటే మాకు దక్కేది పడుకున్న సింహం ఫొటో ఒక్కటే.

అందుకే ఏ పార్కు అన్నదానికన్నా ముందు తేల్చుకోవాల్సింది బండి ఎవరి చేతిలో ఉంటుందన్నది. ముక్కూమొహం తెలియని వాళ్లతో కలిసి వెళ్లే జాయినింగ్ టూర్ చవకే, కానీ ఎక్కడ ఎంతసేపు ఆగాలన్నది మీ చేతిలో ఉండదు. మొదట్లో మేం డబ్బులు కట్టబోయిన ఏజెన్సీ "ప్రైవేట్" అన్న మాట మూడుసార్లు చెప్పింది. కాగితం అడిగితే అందులో ఏడు సీట్ల షేరింగ్ వ్యాను అని ఉంది. అక్కడితో వదిలేసి, వేరేచోట పై కప్పు తెరుచుకునే ల్యాండ్ క్రూజర్ ముగ్గురికే మాట్లాడుకున్నాం. ఖర్చు సరిపోకపోతే ఒక రాత్రి తగ్గించుకోండి, బండిని మాత్రం పంచుకోకండి. బుక్ చేసేటప్పుడు బండి రకం, మనుషుల సంఖ్య, రోజుకు ఎన్ని గంటలు తిప్పుతారు, కిలోమీటర్ల పరిమితి ఏమైనా ఉందా, ఈ నాలుగూ రాతలో తీసుకోండి.

మారాకి లోపాలు లేవని కాదు. జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు ప్రవేశ రుసుమే మనిషికి రోజుకు 200 డాలర్లు, మిగిలిన ఆరు నెలలు 100. సెరెంగెటీలో పన్నుతో కలిపి 80 డాలర్ల పైచిలుకు. మందలు నది దాటే చోట పదుల కొద్దీ బళ్లు ఒడ్డు మీద బారులు తీరతాయి, కొన్నిచోట్ల జంతువుల దారికే అడ్డం పడతాయి. అది చూసి నాకు బాధేసింది. మా డ్రైవరుని దూరంగానే ఆపమన్నాం. డబ్బు వెసులుబాటు ఉంటే రిజర్వు పక్కనే మసాయి తెగవాళ్ల సొంత భూముల్లో నడిచే కన్సర్వెన్సీల్లో (ప్రైవేటు అభయారణ్యాల్లో), నబోయిషో, ఓలారే మొటొరోగి లాంటి వాటిలో ఉండండి. అక్కడ బస చేసేవాళ్ల బళ్లే తిరుగుతాయి, రాత్రి సఫారీకి కూడా వీలుంటుంది, కట్టే డబ్బులో కొంత భూమి యజమానులకు అద్దెగా చేరుతుంది. నదీ, మందలూ పట్టింపు లేనివాళ్లు జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్తే సగం రుసుముతో అవే సింహాలు.

సామాను దగ్గర చాలామంది పొరపాటు పడతారు. చిన్న విమానం ఎక్కేటట్టయితే మనిషికి 15 కిలోలే, అదీ చక్రాల గట్టి సూట్‌కేసు కాదు, మెత్తటి సంచి. మిగిలిన సామాను నైరోబి హోటల్లో వదిలి వెళ్లొచ్చు. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగుల మీద నిషేధం ఉంది. పచ్చడి సీసాలు, చెప్పులు మనం అలవాటుగా కవర్లలో చుట్టేస్తాం కదా, అక్కడికి గుడ్డ సంచులు పట్టుకెళ్లండి. బట్టలు ఖాకీ, గోధుమ, లేత ఆకుపచ్చ రంగుల్లో. ముదురు నీలం, నలుపు అయితే సెట్సీ ఈగల్ని పిలిచి కుట్టించుకున్నట్టే, సెరెంగెటీ, తరంగీరేల్లో ఇది మరీ ముఖ్యం. మిలిటరీ మచ్చల బట్టలు మాత్రం అసలు వద్దు, కెన్యాలో పౌరులు వాటిని వేసుకోకూడదు. పొద్దున ఆరింటికి పది పన్నెండు డిగ్రీల చలి, పదింటికి మన ఫిబ్రవరి ఎండ, కాబట్టి ఒకదాని మీద ఒకటి వేసుకుని తీసేసేలా ఉండాలి. బైనాక్యులర్ మనిషికి ఒకటి పెట్టుకోండి. ఒకటే ఉంటే అది చేతులు మారేలోపు జంతువు వెళ్లిపోతుంది. డాలర్ నోట్లు మరీ పాతవి తీసుకోరు, 2009 తర్వాత అచ్చయినవి, మడతలు లేనివి చూసుకోండి. తిండికి కెన్యాలో బెంగ అక్కర్లేదు. చపాతీ, సమోసా, చాయ్ అక్కడివాళ్ల తిండిలో ఎప్పుడో కలిసిపోయాయి, శాకాహారమని ముందే చెబితే క్యాంపుల్లో పప్పూ అన్నం దొరుకుతాయి.

ఇక మందుల సంగతి. మా ఇంట్లో నిర్ణయాన్ని మార్చింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు పసుపు కార్డు చూపించాలి. లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. మేం హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేయించుకున్నాం. టికెట్లు కొన్నాక చూసుకుందాంలే అనుకోకండి, ముందు డాక్టర్ని కలవండి. అరవై దాటినవాళ్లకి మొదటిసారి ఈ టీకా వేయాలంటే డాక్టర్లు ఆలోచిస్తారు. గుడ్డు తీవ్రంగా పడనివాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకి అసలు వేయరు. అమ్మకి 58, ఇబ్బంది లేకపోయింది. అత్తయ్యగారికి 68, కీళ్లవాతానికి మందులు వాడుతున్నారు, డాక్టరు వద్దన్నారు. ఆవిడ ఆగిపోవాల్సి వచ్చింది. మలేరియా మాత్రలు మూడు చోట్లకూ డాక్టర్ని అడిగి తీసుకోవాలి. కొన్ని రకాలు తిరిగొచ్చాక వారం, కొన్ని నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంటికి వచ్చేశాం కదా అని మధ్యలో మానేయకూడదు.

అలా క్రూగర్ మా ఇంట్లోకి వచ్చింది. దక్షిణాఫ్రికాకి ఎల్లో ఫీవర్ బెడద లేదు. 1926లో పెట్టిన పార్కు, దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు, లోపల చక్కటి తారురోడ్లు. మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని, జోహన్నెస్‌బర్గ్‌లో కారు అద్దెకు పట్టుకుంటే ఐదు గంటల్లో గేటు దగ్గర ఉంటాం. ప్రవేశం రోజుకు సుమారు 600 ర్యాండ్లు, అంటే మూడు వేల రూపాయల పైచిలుకు. స్కుకూజా, సతారా లాంటి క్యాంపుల్లో వంటగది ఉన్న కాటేజీలు దొరుకుతాయి, కుక్కరు పట్టుకెళ్తే పప్పుచారు కాచుకోవచ్చు. ప్లగ్గు కూడా మన గీజరు ప్లగ్గులాంటి పెద్ద మూడు గుండ్రటి పిన్నులదే. కెన్యా, టాంజానియాల్లో అయితే చదరపు పిన్నుల అడాప్టరు కావాలి. నేను మొదట చెప్పిన గంటల లెక్కలో క్రూగర్‌కి మంచి మార్కులే పడతాయి. కారు మీది, ఎంతసేపైనా ఆగొచ్చు.

అయినా మొదటిసారికి నా ఓటు మారాకే. క్రూగర్‌లో ఎక్కువ భాగం పొదలూ చెట్లూ. రోడ్డు దిగకూడదు, కారు కిటికీలోంచి చూడాలి. అలవాటు లేని కన్నుకి పది అడుగుల్లో పడుకున్న సింహం కూడా కనబడదు. చూపించే మనిషి పక్కన లేకపోతే మొదటి రెండు రోజులు జింకలతోనే గడిచిపోతాయి. క్రూగర్‌కి వెళ్తే కనీసం మొదటి రెండు పూటలు పార్కు వాళ్ల గైడెడ్ సఫారీ తీసుకోండి, కళ్లు అలవాటు పడతాయి. వీసా సంగతి కూడా చూసుకోవాలి. కెన్యాకి ఆన్‌లైన్లో తీసుకునే ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) చాలు, దక్షిణాఫ్రికా నియమాలు ఏమిటో టికెట్లు కొనకముందే కనుక్కోండి.

బోట్స్వానా అందమైనదే, ఖర్చు మాత్రం మారాకి రెండింతలు, మూడింతలు కూడా అవుతుంది. నమీబియాలోని ఎటోషా రెండో ప్రయాణానికి బాగుంటుంది. ఉగాండా గొరిల్లాల కోసం వెళ్లేది, అది వేరే విషయం.

వచ్చే జూన్‌లో అత్తయ్యగారితో క్రూగర్ వెళ్తున్నాం. అప్పుడక్కడ చలికాలం, ఆకులు రాలి పొదలు పలచబడతాయి, దోమలు తగ్గుతాయి, నీటిగుంటల దగ్గర కారు ఆపుకుని కూర్చుంటే చాలు. టికెట్ల దగ్గర ఒక్క జాగ్రత్త తీసుకుంటున్నాను. నైరోబి మీదుగానో, అడిస్ అబాబా మీదుగానో వెళ్తూ అక్కడ పన్నెండు గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికా వాళ్లు ఎల్లో ఫీవర్ కార్డు అడుగుతారు. అందుకని నాలుగైదు వేలు ఎక్కువైనా దుబాయి మీదుగా చూస్తున్నాను.