వైజాగ్‌లో పార్కూర్‌కి ఏ చోటు మంచిది? నా మార్కులు ఇవి

పార్కూర్ అంటే గోడలు, మెట్లు, రెయిలింగుల మీదుగా పరిగెత్తడం, దూకడం, దొర్లడం. వైజాగ్‌లో గెంతడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం, రెంటి మధ్య బీచ్ రోడ్డు పొడవునా గోడ. కొరత అల్లా పట్టుకే. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, మెట్ల మీద సన్నటి ఇసుక పేరుకుంటుంది, నీళ్లు తగిలే రాళ్లకి పాచి పడుతుంది. అందుకే నేను గోడ ఎత్తు చూసి మార్కులు వెయ్యను. షూ అక్కడ నిలుస్తుందా, జారుతుందా అన్నదే చూస్తాను.

ఆర్కే బీచ్‌తో మొదలుపెడతాను. కుర్సురా సబ్‌మెరైన్ ఉన్న వైపు ఇసుకలో సాయంత్రాలు కుర్రాళ్లు బ్యాక్‌ఫ్లిప్పులు కొడుతుంటారు. "అక్కా, మీరూ ఒకటి కొట్టండక్కా" అంటారు. ఫ్లిప్ భయం పోవాలంటే ఇసుకే మంచిది, కాదనను. కానీ దిగడం నేర్చుకోవాలంటే పొడి ఇసుక అస్సలు పనికిరాదు. మడమల మీద దబ్బున పడ్డా నొప్పి తెలియదు కాబట్టి ఆ తప్పే అలవాటైపోతుంది. తర్వాత సిమెంటు మీద అలాగే దిగితే మోకాళ్లు ఊరుకోవు.

నాకు నచ్చేది అల వెనక్కి తగ్గాక గట్టిపడ్డ తడి ఇసుక. వేలితో గీత గీసి, కాస్త దూరం నుంచి రెండు పాదాలూ ఒకేసారి దాని మీద దిగేలా దూకండి. ఆ తర్వాత పక్కకి జరిగి మీ పాదం గుర్తు చూసుకోండి. వేళ్ల వైపు లోతుగా దిగితే సరిగ్గా చేసినట్టు. మడమ దగ్గర గుంత పడితే మళ్లీ మొదటికి. ఇంత నిక్కచ్చిగా తప్పు చూపించే కోచ్ నాకు ఏ జిమ్ములోనూ దొరకలేదు, పైగా ఫీజు లేదు. నీళ్లలోకి మాత్రం వెళ్లకండి. లోపలికి లాగే ప్రవాహాలకి ఆ బీచ్‌లో ప్రాణాలు పోతూనే ఉంటాయి. ఐదుకి నాలుగున్నర.

బీచ్ రోడ్డు గోడకి పొద్దున్నే వెళ్లాలి, వాకర్ల కోసం బండ్లు ఆపేసే వేళలో. సాయంత్రమైతే మురీ మిక్చర్ బండ్లు, సెల్ఫీలు దిగే కుటుంబాలతో కాలు పెట్టే సందుండదు. నడుము ఎత్తు గోడ ఉన్నచోట స్టెప్ వాల్ట్ (ఒక చెయ్యి, ఒక కాలు ఆన్చి గోడ దాటడం), లేజీ వాల్ట్ (చెయ్యి ఆన్చి పక్కవాటుగా కాళ్లు తిప్పి దాటడం) హాయిగా చేసుకోవచ్చు. అయితే దూకే ముందు ప్రతిసారీ అవతలకి తొంగి చూడాలి. ఈ తీరంలో ఇసుక కోసుకుపోతూ ఉంటుంది. తుఫాను తర్వాత వెళ్తే, గోడ కింద మెత్తగా ఉండిన చోట రాళ్లు తేలి ఉండొచ్చు. రెయిలింగుల సంగతి ఇంకా మోసం. పైన పెయింటు నిగనిగలాడుతుంది, అడుగున వెల్డింగ్ దగ్గర గొట్టం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఊపండి. గలగలమంటే వదిలెయ్యండి. గట్టిగా ఉన్నా, తెల్లవారుజామున చెమ్మ ఉంటుంది కాబట్టి తుడవకుండా దాని మీద బ్యాలెన్స్ చెయ్యొద్దు.

అక్కడ వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దాయన నన్ను చూసి, "ఏమ్మా, ఈ వయసులో కోతికొమ్మచ్చా?" అన్నారు. "అవునండీ, కొమ్మలే లేవు" అన్నాను. ఆడవాళ్లకి ఇంకో మాట: ఫోన్లు పైకి లేస్తాయి. అడిగి తీసేవాళ్లు కొందరైనా ఉన్నారు. అడగనివాళ్ల దగ్గరికి నేరుగా వెళ్లి డిలీట్ చేయిస్తాను. గోడకి నాలుగు మార్కులు, రెయిలింగులకి రెండు.

కైలాసగిరి కింద తెన్నేటి పార్కు ఫొటోల్లో అద్భుతం. ఆ రాళ్లు చూసి క్యాట్ లీప్‌ల (దూకి అవతలి అంచుని చేతులతో పట్టుకుని వేలాడటం) కోసమే ఉన్న చోటు అనుకుంటారు. ఇక్కడి కొండరాయి ఖోండలైట్. ఎండకీ వానకీ తేలిగ్గా చివికిపోయే రకం, వేళ్లు బిగించిన అంచు చేతికి ఊడి వచ్చేస్తుంది. నీళ్ల దగ్గరి రాళ్ల మీద పాచి సరేసరి. పైన పార్కులో రోల్స్ (భుజం మీదుగా దొర్లడం), చేతులూ కాళ్లూ నేలకి ఆన్చి నాలుగు కాళ్ల నడక చేసుకోండి. రాళ్ల మీద వద్దు. రెండున్నర.

కైలాసగిరి మెట్లు ఒంటిని గట్టిపరచడానికి మాత్రమే. ఎక్కడం ఎవరైనా చేస్తారు, మోకాళ్లని పరీక్షించేది దిగడం. పరుగు పెట్టకుండా, చప్పుడు కాకుండా దిగి చూడండి. ఎండెక్కితే ఆ పని పెట్టుకోవద్దు. మూడున్నర.

ఆంధ్రా యూనివర్సిటీ లోపల చెట్ల నీడ బాగుంటుంది, కానీ అది పిల్లలు చదువుకునే చోటు. సెక్యూరిటీ వాళ్లు వద్దంటే వాదించకుండా వచ్చేస్తాను. మార్కులు వెయ్యను.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మీద దూకే రీల్స్ చూపించి "అక్కడికి వెళ్దామా అక్కా" అని అడుగుతున్నారు. వద్దు. అది గట్టి రాయి కాదు, వేల ఏళ్లుగా పేరుకున్న ఇసుక. ఒక్క గెంతుకి అంచు విరిగితే మళ్లీ కట్టేవాడు లేడు. తొట్లకొండ బౌద్ధారామం పాత గోడలకీ అదే జవాబు. అంత దూరం వెళ్లారు కాబట్టి చూసి రండి, షూ లేసులు మాత్రం వదులుగానే ఉంచుకోండి.

షూ అంటే గుర్తొచ్చింది: ఖరీదైన రన్నింగ్ షూ కొనకండి. దాని మెత్తటి మడమ కింద నేల తెలియదు. చదును రబ్బరు అడుగున్న మామూలు షూ చాలు. ఇసుకలోంచి గోడ మీదకి వచ్చే ముందు అడుగులు దులుపుకోండి, తడిగా ఉంటే ప్యాంటుకైనా తుడుచుకోండి.