అంబాసిడర్ గేర్ బాక్సు: ఘాట్లు తిప్పి, విప్పి చూశాక

మా 1973 అంబాసిడర్ మార్క్ 2 గేర్ బాక్సును నల్గొండలో మళ్లీ కట్టించాక బండిని షెడ్డులో పెట్టలేదు, దూరాలు తిప్పాను. ఈ మధ్యే బాక్సు దించి, విప్పి, ఎక్కడెక్కడ అరిగిందో చూశాను. పాత అంబాసిడర్ కొనబోయేవాళ్లకు ముందే చెప్తున్నాను: హైవే మీద బాగా పోతోందని గేర్ బాక్సును నమ్మకండి.

ఉన్నవి నాలుగు గేర్లు. టాప్‌లో, అంటే నాలుగో గేరులో, ఇంజిన్ బలం నేరుగా చక్రాల వైపు పోయే మెయిన్ షాఫ్ట్‌కు పోతుంది, మిగతా గేర్లలో బలం మోసే కింది లే షాఫ్ట్ మీద లోడు పడదు. అందుకే జడ్చర్ల నుంచి కర్నూలు దాకా 44వ నంబరు హైవే మీద బాక్సు కిక్కురుమనలేదు. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు దాటి శ్రీశైలం దారి పట్టాక రెండు, మూడో గేర్లలో సన్నగా ఊళ మొదలైంది. ఈగలపెంట దగ్గర కృష్ణ వైపు దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మూడో గేరు న్యూట్రల్‌లోకి జారేది. ఆ మలుపుల్లో అది మామూలు టెన్షన్ కాదు. ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

గేరు లివరు స్టీరింగ్ పక్కన ఉంటుంది కాబట్టి ముందు దాన్ని బాక్సుకు కలిపే బయటి రాడ్లు, బుష్షులు చూడాలి. వాటిలో ప్లే (వదులు) ఉన్నా గేరు సరిగా పడదు. ఉత్తపుణ్యానికి బాక్సు దింపించుకునేవాళ్లు చాలామంది. మా బండికి బుష్షులు మార్చినా జారడం ఆగలేదు.

బండి కాస్త తిప్పి, ఆయిల్ వేడి మీదే తెల్ల పళ్లెంలోకి దింపాం. అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుంది, అది మామూలే. ఇనుప పెచ్చులు వస్తేనే భయపడాలి. ఎండలో పెట్టి చూస్తే ఆయిల్‌లో పసుపు మెరుపు కొంచెం కనబడింది. అది సింక్రో రింగుల ఇత్తడి. గేరు పడేముందు వేగాలు కలిపేవి ఆ రింగులే. 90 నంబరు గేర్ ఆయిల్ అడిగితే షాపులో చేతికందింది ఇచ్చేస్తారు, డబ్బా మీద జీఎల్-4 గ్రేడు అని ఉందో లేదో చూసుకోండి. జీఎల్-5లో కలిపే గంధకం మందులు ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది.

అసలు అరుగుదల లే షాఫ్ట్‌లో బయటపడింది. ఆ షాఫ్ట్ తిరగదు, దాని చుట్టూ సూది బేరింగుల మీద గేర్ల గుత్తి తిరుగుతుంది. కాబట్టి లోడు ఎప్పుడూ ఒకే పక్క పడుతుంది. డీజిల్‌తో కడిగి తుడిచి చూస్తే మూడు వైపులా అద్దంలా ఉంది. నాలుగో వైపు ముందు కొనకు బియ్యపు గింజంత మచ్చ, గోరు పెడితే పట్టుకుంటోంది. పైపొర లేచిపోయిందన్నమాట. కట్టినప్పుడు కొత్త సూదులు వేసి పాత షాఫ్టే ఉంచారు. అలా ఎవరు చేస్తానన్నా ఒప్పుకోకండి, రెండూ కలిపే మార్చాలి.

మూడో గేరుకు పక్కనుండే చిన్న పళ్ల అంచులు గుండ్రబడ్డాయి. గేరును మెయిన్ షాఫ్ట్‌కు కలిపే స్లీవ్ వాటిని పట్టుకుని నిలవాలి, అంచు పోతే లోడు మారగానే వెనక్కి జారుతుంది. గేరు మార్చే సెలెక్టర్ రాడ్‌ను ఆపే స్టీలు గోలీ కింది స్ప్రింగు కూడా మెత్తబడింది. పెద్ద పళ్లకు మాత్రం ఏమీ కాలేదు, ఈ బాక్సు మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే. మొదటి గేరుకు సింక్రో లేదు. బండి ఆగకుండా, డబుల్ క్లచ్ కొట్టకుండా (న్యూట్రల్‌కు ఒకసారి, గేరుకు ఒకసారి క్లచ్ తొక్కకుండా) వేసే డ్రైవర్ల చేతిలో ఆ గేరు అంచులు చెక్కుకుపోతాయి. మావి శుభ్రంగా ఉన్నాయి.

బండికి 50 ఏళ్లు దాటాయి కాబట్టి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. కానీ దాంతో మామూలుగా తిరగడానికి వీల్లేదు. నాకు తిరగడమే కావాలి, అందుకే పాత రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకుంటున్నాను.

షాఫ్ట్, సూదులు, రింగులు, స్ప్రింగు, మూడో గేరు మార్పించి మళ్లీ అదే ఘాట్ దిగాను. మూడో గేరు కదల్లేదు, రెండో గేరు ఊళ చాలావరకు తగ్గింది. మొదటి గేరులో ఇంకా వినిపిస్తుంది. దాని పళ్లు నిటారుగా కోసినవి, కొత్త బాక్సయినా ఆ చప్పుడు ఉంటుంది. దానికోసం బాక్సు విప్పించకండి.